పంతొమ్మిదో అంతస్తు

అక్కకు,

నీ తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అమ్మ మోకాలు తప్ప అందరం క్షేమం. ఆ మోకాలు కూడా నిన్న కింద గేటు దాకా నడిచి వచ్చింది కాబట్టి దాన్నీ క్షేమంలోనే కలిపేయొచ్చు. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, గాలి ఎక్కువగా ఉన్న రోజు మొండికేసి క్రేన్ ఎక్కడం లేదనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను రెండో మాట దగ్గరే ఆపేస్తావు. ఉత్తరంలో నీకు ఆ వీలు లేదు. పైగా నా ఉత్తరాలు పైన క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని చదువుతానని రాశావు. అంత ఎత్తు నుంచి దిగొచ్చి నన్ను కొట్టడానికి ఎంత లేదన్నా కాస్త సమయం పడుతుంది కదా, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

అమ్మ పళ్ళసెట్టు సంగతి ఏమైందని అడిగావు. మా ల్యాబ్‌కే తీసుకెళ్ళి సరిచేశాను. పదిహేడేళ్ళుగా ఊరందరి నోళ్ళకీ పళ్ళు కడుతున్నాను గానీ అమ్మ నోరు మాత్రం నాకెప్పుడూ లొంగలేదు. మూడుసార్లు గీకించుకుని, చివరికి బాగుందని ఒప్పుకుంది. "వాడు కట్టిన పళ్ళతోనే వాణ్ణి తిడుతున్నా, ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

రెండోది, నీ మరదలు నీకు నా మీద ఫిర్యాదు రాసిందట. వెనక గదంతా పాత వీడియో గేమ్ పెట్టెలతో నింపేశాడు, అడుగు పెట్టే చోటు లేదు, నలభై దగ్గరపడ్డాక ఇదేం పిచ్చి అని. నిజమే. ఆ గదికి ఆవిడ అనాథాశ్రమం అని పేరు కూడా పెట్టింది. చుట్టాలు వస్తే తలుపు తీసి మరీ చూపిస్తుంది.

మూడోది, నువ్వు ఉత్తరం చివర ఇరికించి రాసిన ప్రశ్న. నీ దగ్గర క్రేన్ నేర్చుకుంటున్న అమ్మాయికి వాళ్ళ నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ఇవాళ ఎంత ఎత్తు ఎక్కావమ్మా అని అడుగుతాడనీ, అది విన్నప్పటి నుంచి నీకు మన నాన్నే గుర్తొస్తున్నాడనీ రాశావు. మన పాత వీడియో గేమ్‌ని అటక మీద నుంచి దించి, ఒక్కసారి ఆన్ చేసి, నువ్వు ఇల్లు వదిలి వెళ్ళాక నాన్న తన వంతు ఆడాడో లేదో చూసి చెప్పమన్నావు. "గెలిచే ఉంటాడులే, ఒక్క అంతస్తే కదా కావలసింది. గెలిచినా పర్లేదు. అసలు ఆడాడా, లేక ఆ రోజుతో నన్నూ ఆటనీ కలిపి వదిలేశాడా, అది తెలిస్తే చాలు" అన్నావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. దాని దగ్గరికే వస్తున్నాను అక్కా. కాస్త చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టు.

ఇప్పుడు పాత సామానంతా ఆన్‌లైన్‌లో వేలం వేస్తున్నారు. ఇల్లు మారేవాళ్ళు, గోడౌన్ ఖాళీ చేసేవాళ్ళు ఫోటో పెట్టి, కింద అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాస్తారు. "టెస్ట్ చేయలేదు. ఉన్నది ఉన్నట్టే. వాపసు తీసుకోం." వైరు పెట్టి మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు? కొందరికి నిజంగానే చేతకాదు. కొందరు నొక్కి చూసి, పనిచేయదని తెలిసే ఆ మాట రాస్తారు. మూడో రకం వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి తర్వాత చెబుతాను.

పాట పాడి గెలుచుకున్న పెట్టె ఇంటికొస్తుంది. మరలు విప్పి మూత తీసే ఆ క్షణం ఉంది చూడు, ఇన్నిసార్లు తీశానా, ఇప్పటికీ నాకు మొదటిసారిలాగే ఉంటుంది. ఒకదాన్లో చీమలు మట్టితో గదులు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఆ మట్టి దులిపి మీట నొక్కితే పెట్టె పలికింది. ఇంకోదాన్లో, క్యాసెట్ దూర్చే సందులో, ఒక పాలపన్ను ఉంది. కింది వరస ముందుపన్ను, ఆరేడేళ్ళ వయసుది, చూడగానే చెప్పేశాను. ఎవరు దాచుకున్నారో, ఎందుకు దాచుకున్నారో. ఆ పిల్లకో పిల్లవాడికో ఈపాటికి నా వయసుండి ఉంటుంది. పారేయడానికి చెయ్యి రాలేదు, ల్యాబ్‌లో చిన్న డబ్బాలో దూది వేసి పెట్టాను.

వీటన్నిటినీ మించినవి ఆట క్యాసెట్లు. కొన్నిటి లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. మనం ఆట ఎక్కడ ఆపామో క్యాసెట్‌కి గుర్తుండేది దాని దయవల్లే. పెట్టె ఆపేసినా, ఇల్లు మారినా, ఆడినవాళ్ళే మరిచిపోయినా, అది మాత్రం చీకట్లో కూర్చుని గుర్తుపెట్టుకుంటూనే ఉంటుంది. ఒక క్యాసెట్‌లో ఎవరో సగం కట్టిన ఊరు ఉంది. ఇంకోదాన్లో ఒక వీరుడు సంచీలో మూడు తాళాలు పెట్టుకుని గుహ ముందు నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుగా అలాగే నిలబడి ఉన్నాడక్కా, ఎవరైనా వచ్చి లోపలికి నడిపిస్తారని. 

ఆ బ్యాటరీ ఊడదీస్తే గుర్తున్నదంతా పోతుంది. ఆ సంగతి నాకు మొదట్లో తెలియదు. రిపేరంటే ముందు బ్యాటరీ మార్చడమే అనుకుని ఏడెనిమిది మంది ఆటలు తుడిచిపారేశాను. తెలిశాక రెండు రోజులు ముద్ద మింగుడుపడలేదు. తర్వాత, కరెంటు నడుస్తుండగానే పాతది తీసి కొత్తది అతికించడం నేర్చుకున్నాను. అలా పదకొండు చేస్తే ఎనిమిది నిలిచాయి, మూడు పోయాయి. చెయ్యి వణక్కపోయినా పోయాయి.

చుట్టు తిరగడం అయిపోయింది. ఇక చెప్పేస్తాను.

మా ఇంటికి అటక లేదు అక్కా.

నువ్వు ఈ ఇంటికి ఇంకా రాలేదు కాబట్టి నీకు తెలియదు. నాలుగో అంతస్తులో రెండు గదులు, వెనక ఒక బుల్లి గది, నెత్తిన నున్నటి సీలింగు, అంతే. నాన్న పోయిన ఆర్నెల్లకి పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు, మన వీడియో గేమ్‌ని కూడా మిగతా సామానుతో పాటు వేలంలో పెట్టి అమ్మేశాను. క్యాసెట్ అందులోనే ఉండిపోయింది. "టెస్ట్ చేయలేదు" అని చీటీ రాసి పెట్టె అడుగున అతికించాను. వైరు దొరకలేదు, అందుకే టెస్ట్ చేయలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. వైరు నా చేతిలోనే ఉంది. నొక్కితే ఆట మొదట్లో వచ్చే ఆ పాట మోగుతుంది, మోగితే నాన్న వచ్చి పక్కన కూర్చోడని మళ్ళీ తెలుస్తుంది, అందుకని నొక్కలేదు. ఇందాక మూడో రకం అన్నానే, అది నేనే.

అమ్మిన మూడు నెలలకి నీ ఉత్తరం వచ్చింది, ఆ పెట్టె జాగ్రత్త, అది నాకు కావాలి అని.  అటక మీద భద్రంగా ఉందని రాసేశాను. రెండేళ్ళ పాటు లేని అటక మీద దాన్ని దాచాను. ఒక ఉత్తరంలో అయితే దుమ్ము దులిపి మళ్ళీ గుడ్డ కప్పానని కూడా రాశాను. ఆ ఉత్తరం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఉత్తరం చూసిన వెంటనే కొన్నవాణ్ణి పట్టుకున్నాను. అతను అప్పటికే నాలుగైదు పెట్టెలతో కలిపి ఇంకెవరికో అమ్మేశాడు. ఆ ఇంకెవరో జవాబే ఇవ్వలేదు. ఇక మిగిలింది ఒకటే దారి, ఎప్పుడో ఒకప్పుడు అది మళ్ళీ వేలంలోకి రాకపోతుందా అని రోజూ చూడటం. గుర్తుపట్టడం తేలికే. నాన్న ఓడిపోయిన కోపంలో లేస్తూ వైరుకి కాలు తగిలించి దాన్ని కింద పడేసిన రోజు నీకు గుర్తుందా? వెనక ఎడమ మూల విరిగింది. నేను ల్యాబ్‌లో కొత్తగా చేరిన రోజులవి. నాకు చేతనైన పని ఒకటే, పళ్ళసెట్టు చిగుళ్ళకి వాడే గులాబీ రంగు పొడి కలిపి మూల కట్టి, పాలిష్ పెట్టి తెచ్చాను. బూడిదరంగు పెట్టెకి గులాబీ మూల. నువ్వు వారం రోజులు నవ్వావు. "పళ్ళు కూడా పెట్టెయ్యరా, ఆవలిస్తుంది" అన్నాడు నాన్న.

వచ్చిన చిక్కల్లా, అమ్మేవాళ్ళు ఫోటో ముందు నుంచే తీస్తారు. వెనక ఎడమ మూల ఫోటో పెట్టండి అని అడిగితే ఇదేదో మోసం అనుకుంటారు. పెట్టినవాళ్ళవి చూసి, మనది కాదని వదిలేశాను. పెట్టనన్నవాళ్ళవి కొనక తప్పలేదు. నా అనాథాశ్రమం నిండింది ఇలాగే. నీ మరదలికి ఈ సంగతి కిందటి నెల దాకా చెప్పలేదు. పిచ్చి అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను, తెలిస్తే ముందు నీకు ఫోన్ చేసేది ఆవిడే.

కిందటి నెల ఒక టైలరమ్మ ఐదు పెట్టెలు కలిపి వేలంలో పెట్టింది. ఐదూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కింద ఇలా రాసింది: "టెస్ట్ చేయలేదు. అన్నిటికన్నా కిందిదానికి వెనక మూల గులాబీ మరక ఉంది, కడిగినా పోలేదు, గమనించగలరు." అప్పుడు నేను ల్యాబ్‌లో ఒక పెద్దాయన కింది దవడకి పళ్ళు పేరుస్తున్నాను. వేలం ముగిసేసరికి ఆయన ఎడమ కోరపన్ను కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టేశానట. మా ఓనరు చూపించి, ఒంట్లో బాలేదా అని అడిగాడు. పదిహేడేళ్ళలో నేను అలాంటి తప్పు చేయలేదు. పాటలో నాకు పోటీ ఎవరూ లేరక్కా. ఆ గంటసేపూ పాడింది నేనొక్కణ్ణే.

పార్శిల్‌ని నమ్మబుద్ధి కాలేదు. బస్సెక్కి నేనే వెళ్ళాను. ఆవిడ ఇంటి మేడమీద అద్దెకున్న కుర్రాడు ఉద్యోగం మారి వెళ్ళిపోతూ, ఇవి మీరే ఏదైనా చేసుకోండని వదిలేశాడట. టైలరమ్మ మెడలో టేపు తీయకుండానే లోపలి నుంచి పెట్టెలు తెచ్చి మిషన్ మీద పెట్టింది.

"ఎవరో చూయింగ్ గమ్ అంటించారనుకున్నా బాబూ. కత్తెరతో గీకినా రాలేదు."

"రాదండీ," అన్నాను. "నమిలే చోట పెట్టడానికి చేసింది అది."

ఆవిడకి అర్థం కాలేదు, నేను ఆ మూలనే వేలితో తడుముతున్నాను. నా వాలకం చూసి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది, పాపం.

ఇంటికి తెచ్చి పెట్టె తిరగేశాను. అడుగున టైలరమ్మ చీటీ. దాని కింద ఇంకో చీటీ అంచు కనిపించింది. ల్యాబ్‌లో మైనం గీకడానికి వాడే సన్నకత్తి వేడిచేసి ఒక్కొక్కటే లేపాను. నాలుగు చీటీలు, నాలుగు చేతిరాతలు, అన్నిటిలోనూ అదే మాట, టెస్ట్ చేయలేదు. అన్నిటికన్నా అడుగున ఉన్న రాత నాది. నాలుగూ బల్ల మీద వరసగా పరిచాను. వాళ్ళలో ఏ ఒక్కరు బుద్ధిగా టెస్ట్ చేసి, రిపేరు చేసి ఉన్నా, నాలాగే ముందు బ్యాటరీ పీకేసేవారు. ఇన్ని చేతులు మారినా ఒక్కరూ పట్టించుకోకపోవడమే దాన్ని కాపాడింది. ఇంత విచిత్రం ఎక్కడైనా ఉంటుందా? నేను చేసిన తప్పునే మరో ముగ్గురు వరసగా చేయబట్టి అది బతికింది.

బతికిందని అప్పటికి నాకింకా తెలియదనుకో. ఇన్నేళ్ళకి ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుందనే అనుకున్నాను. చచ్చినదాన్ని మార్చేస్తే సరిపోతుంది కదా అని క్యాసెట్ మరలు రెండు విప్పేశాను కూడా. బ్యాటరీ ఊడదీయడానికి సోల్డరింగ్ కడ్డీ వేడెక్కుతోంది. అప్పుడు నీ మరదలు టీ తెచ్చి పెట్టి, నా మొహం చూసి, ఏంటి సంగతని అడిగింది. మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ముందు ఒకసారి ఆన్ చేసి చూడొచ్చు కదా," అంది. అంతే. నేను కడ్డీ ప్లగ్గు పీకేశాను. మరలు మళ్ళీ బిగించాను. ఆ ఒక్క మాట ఐదు నిమిషాలు ఆలస్యంగా అని ఉంటే ఇవాళ నీకు ఈ ఉత్తరం రాసే మొహం నాకు ఉండేది కాదు.

ఆ రోజు ఆట ఎక్కడ ఆగిందో నీతో పాటు నాకూ గుర్తుంది, నేను గుమ్మంలోనే ఉన్నాను కదా. ఇద్దరివీ రెండు మేడలు, నీది ఎర్రది, నాన్నది నీలంది. వంతుకి ఒకటే పని, మన మేడ మీద ఒక అంతస్తు వేసుకోవడమో, ఎదుటివాళ్ళది ఒకటి లాగేయడమో. ఇరవై అంతస్తులు ముందు ఎవరివి పూర్తయితే వాళ్ళు గెలిచినట్టు. నాన్న కండక్టర్ డ్యూటీ దిగి వచ్చి ఒక వంతు, నువ్వు ఆఫీసు నుంచి వచ్చి ఒక వంతు. ఆడినవాళ్ళు జాయ్‌స్టిక్‌ని టీవీ మీద ఎదుటివాళ్ళ వైపు పెట్టాలి, ఎడమవైపు నాన్నకి, కుడివైపు నీకు. నాన్న నీ అంతస్తులు లాగేయడమే తప్ప ఏనాడూ కనికరించింది లేదు. పిల్లలకి కావాలని ఓడిపోయే తండ్రి కాదు ఆయన.

ఆ సాయంత్రం నువ్వు నాన్న పదిమందిని బతిమాలి ఇప్పించిన గుమాస్తా ఉద్యోగం మానేశానని, క్రేన్ నేర్చుకోడానికి వెళుతున్నానని చెప్పావు. "అంత ఎత్తెక్కి పడితే ఎత్తుకోడానికి నేను రాను," అన్నాడు నాన్న. అప్పటికి ఆయనవి పంతొమ్మిది, నీవి పదిహేడు. వంతు నీది. ఆయనది ఒకటి లాగేయాల్సింది పోయి, నీది ఒకటి వేసుకుని, "గెలుచుకో. నీకు కావలసింది అదేగా," అని జాయ్‌స్టిక్ ఎడమవైపు పెట్టి, సంచీ తీసుకుని వెళ్ళిపోయావు. తర్వాత మీరిద్దరూ మాట్లాడుకోకపోలేదు. తిన్నావా, తిన్నాను, ఉంటాను, సరే. పదమూడేళ్ళు ఆ నాలుగు మాటలే.

మర్నాడు ఆదివారం పొద్దున, రిపేర్ల కోసం పెట్టుకున్న పాత లావు టీవీకి వైరు తగిలించి మీట నొక్కాను. పాట మోగింది. పక్కగదిలోంచి అమ్మ, "మీ నాన్న లేచారా?" అంది.

అనేసి తనే ఆగిపోయింది. కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేం ముగ్గురం తెర వైపే చూస్తున్నాం.

రెండు మేడలూ నిలబడి ఉన్నాయక్కా. ఎర్రది, నీలంది. కిటికీల్లో దీపాలతో సహా. పదహారేళ్ళు, నాలుగు ఇళ్ళు, గుండీ అంత బ్యాటరీ. నేను ముందు నీలం మేడ లెక్కపెట్టాను. పంతొమ్మిది. నాన్న గెలవలేదు. ఆడనే లేదేమో అనుకుని మనసు చివుక్కుమంది. తర్వాత నీ మేడ లెక్కపెట్టాను. పద్దెనిమిది ఉండాలి కదా? పంతొమ్మిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. నీ మరదలు వేలు పెట్టి లెక్కపెట్టింది. పంతొమ్మిది. పైదాని మీద బాణం గుర్తు ఆడుతోంది, వంతు ఎర్రవాళ్ళది అని.

అలా ఎదుటివాళ్ళ మేడ మీద వేయొచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పెట్టెలు టెస్ట్ చేయడానికి కొన్న వాటిలో ఇదే ఆట క్యాసెట్ ఇంకొకటి ఉంటే దాన్లో చేసి చూశాను. జాయ్‌స్టిక్ మీది రెండు మీటలూ కలిపి నొక్కి పట్టుకోవాలి. అప్పుడు అంతస్తు మోసుకొచ్చే కొక్కెం మన మేడ వదిలి అవతలి మేడ మీదికి వెళుతుంది. నిజంగానే వేయమంటావా అని ఆట మూడుసార్లు అడుగుతుంది. మూడుసార్లూ అవును అనాలి. చెయ్యి జారి పడే పని కాదు. ఒక్క అంతస్తు వేసుకుంటే గెలిచే మనిషి, జన్మలో తనంతట తాను నిన్ను గెలవనివ్వని మనిషి, దాన్ని తీసుకెళ్ళి నీ మేడ మీద పెట్టాడు. ఎత్తంటేనే నచ్చనివాడు నిన్ను ఇంకో అంతస్తు పైకి ఎక్కించాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

అమ్మ కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది. నువ్వు వెళ్ళాక జాయ్‌స్టిక్ టీవీ మీద కుడివైపే ఉండేదట. ఆవిడ దులపడానికి తీస్తే, "అక్కడే పెట్టు, అది దాని చోటు" అనేవాడట. నాలుగేళ్ళకి పాత టీవీ పోయి సన్నటి టీవీ వచ్చింది. దాని మీద ఏదీ నిలవదు. అమ్మ దాన్ని సొరుగులో పెట్టేసింది. నువ్వు మొదటిసారి ఇంటికొచ్చింది ఆ మరుసటి ఏడు. నాన్న నోటితో చెప్పి ఉండొచ్చు కదా అంటావు. చెప్పేవాడైతే ఆయన మన నాన్నెందుకవుతాడు? నువ్వు అడిగి ఉండొచ్చు కదా అంటే నీ దగ్గర మాత్రం జవాబుందా?

నేను ఏ మీటా నొక్కలేదు. అలాగే ఆపేశాను. బ్యాటరీ మార్చలేదు, మార్చను. మూడు పోయాయని చెప్పాను కదా, నాన్నది నాలుగోది కాకూడదు. అది ఇంకా ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలియదు. ఏడాది ఉండొచ్చు, వారమే ఉండొచ్చు. పార్శిల్‌లో పంపడానికి నాకు ధైర్యం లేదు. అందుకని నువ్వే రా. గాలి తగ్గేదాకా, పని అయ్యేదాకా, కొత్తమ్మాయికి పని పూర్తిగా వచ్చేదాకా అని సాకులు చెప్పకు. వచ్చి ముందు నన్ను తిట్టు, అబద్ధం ఆడినందుకు రెండు తగిలించు, పడతాను. తర్వాత వెనక గదిలోకి వెళ్ళు. అనాథాశ్రమం ఖాళీ చేసేశాం, ఒక్క పెట్టే ఉంది. లావు టీవీ కూడా అక్కడే ఉంది.

జాయ్‌స్టిక్ దాని మీద కుడివైపు పెట్టాను. ఎవరూ ముట్టుకోకుండా అమ్మ కాపలా కాస్తోంది.

ఇట్లు,
అటక లేని ఇంట్లో నీకోసం ఎదురుచూస్తున్న
నీ తమ్ముడు